నెత్తిన చెయ్యి పెట్టుకున్న మనిషి

ఫిజియోథెరపీ చదివి ఈ దీవుల్లో పనిలో చేరబోయే పిల్లలకు ముందుగా ఒక మాట. మీ బల్ల మీద పడుకునే మనిషి చాలాసార్లు ఒంటరిగా రాడు. ఒక భయాన్నో, ఒక చావునో వెంటబెట్టుకుని వస్తాడు. కాలేజీలో మీకు ఎముకలు, కండరాలు, నరాలు నేర్పుతారు. వెంట వచ్చిన ఆ రెండోవాడి సంగతి ఎవరూ నేర్పరు. నేను రాయబోయేది వాడి గురించే.

మా తాత శ్రీకాకుళం ఒడ్డు నుంచి ఓడెక్కి వచ్చాడు. నేను పుట్టింది డిగ్నాబాద్‌లో, ఇప్పుడు ఉంటున్నది గరాచర్మలో. ఉద్యోగమంతా పోర్ట్‌బ్లెయిర్‌లోనే, సముద్రం వైపు ఒకే కిటికీ ఉన్న గదిలో గడిచింది. మా అమ్మానాన్నలు నన్ను దేవుని వాక్యంలో పెంచారు. ఆదివారం తెలుగు ఆరాధన, వారం మధ్యలో ఉపవాస ప్రార్థన ఈ రోజుకీ తప్పవు. రోగి ఒంటి మీద చెయ్యి వేసే ముందు లోపల ప్రార్థించకుండా నేను ఒక్కరినీ ముట్టుకోలేదు. పైకి మాత్రం ఎప్పుడూ ప్రార్థించలేదు. బాధతో వచ్చినవాడిని మన మతానికి దొరికిన చేప అనుకోవడం పాపమని నా నమ్మకం.

ప్రమోషన్లు, బదిలీల గురించి రాయను. అవి అందరికీ ఒకలాగే ఉంటాయి. మీలో చాలామంది తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరని తెలుసు. ఇంట్లో పెద్దవాళ్ళ చేత చదివించుకుని వినండి.

ముందు గుండె

మా పెద్ద డాక్టరు మండల్ గారు బెంగాలీ మనిషి. కోపం ఎక్కువ. రోగుల ముందే నర్సుల మీద అరిచేవారు, అది తప్పని ఆయనకు చెప్పగలిగినవాళ్ళు లేరు. కానీ ఆయన కన్ను గొప్పది.

ఒకసారి చౌల్దారీ నుంచి ఒక రైతు వచ్చాడు. అరటి గెలలు నెత్తిన మోసే మనిషి. మెడ పట్టేసింది, దవడ దాకా లాగుతోంది అన్నాడు. వేడి కాపడం పెట్టమని చీటీలో రాసి పంపారు. మా గదిలో అతన్ని పడుకోబెట్టి కాపడం మూట తీస్తుండగా మండల్ గారు వరండాలో పోతూ పోతూ ఆగారు. బయట వాన, గదిలో చలి. రైతు నుదుటి మీద చెమట.

“ఇస్కో ఉఠ్‌నే మత్ దో. స్ట్రెచర్ లావో!” అని అరిచారు, ఇతన్ని లేవనివ్వకండి, స్ట్రెచర్ తెండి అని.

ఈసీజీ తీస్తే గుండెపోటు. రైతు బతికాడు. ఆ సాయంత్రం మమ్మల్నందరినీ నిలబెట్టి మండల్ గారు చెప్పింది ఒక్కటే: మెడ వేచి ఉండగలదు, గుండె ఉండలేదు. అనుమానం వచ్చిన ప్రతిసారీ ముందు గుండె.

ఇక ముందు చదివేదంతా ఈ మాటను గుర్తుపెట్టుకునే చదవండి. గుండెనొప్పిలా కనిపించేది మెడ నుంచి రావచ్చు, నిజమే. కానీ అలా అనే హక్కు గుండెను పూర్తిగా చూసిన తరువాతే మనకు వస్తుంది.

రాయి దగ్గర పట్టుకునేవాడు

నూకరాజు మా శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన జాలరి కుటుంబంవాడు. పెళ్ళి కాలేదు. తల్లి ఎర్రమ్మ, అన్న పోలయ్య, తను. అన్నదమ్ములిద్దరూ ఒక ఇంజను బోటు మీద వేటకు వెళ్ళేవారు. దాని వెనక తాడుతో ఒక చిన్న డింగీని కట్టి లాక్కెళ్ళేవారు. పెద్ద బోటు రాళ్ళ దగ్గరకు పోవడానికి వీల్లేదు కాబట్టి అక్కడ వల వెయ్యాలంటే ఆ చిన్నదే దిక్కు.

అతను మా దగ్గరకు రావడానికి ముందటి వానాకాలంలో, ఊరికి దక్షిణాన మనుషులు లేని ఒక చిన్న దీవి పక్కన వాళ్ళను గాలివాన పట్టుకుంది. పోలయ్య వల ఎత్తడానికి వెనక డింగీలో ఉన్నాడు. నూకరాజు ఇంజను దగ్గర కూర్చుని, ఎదురొచ్చే కెరటాలను చూసుకుంటూ బోటును దీవి చాటుకు తెచ్చాడు. తెచ్చాక వెనక్కి తిరిగి చూశాడు. తాడు తెగలేదు. ముడి ఊడలేదు. డింగీ బుద్ధిగా వెనకే వస్తోంది. అందులో ఎవరూ లేరు.

శవం దొరకలేదు.

సముద్రం మనిషిని తీసుకున్న చోట వీపు చూపకూడదని వాళ్ళ ఇంటి కట్టుబాటు. అక్కడ ఒక నల్ల రాయి నీళ్ళలోంచి లేచి ఉంటుంది. మళ్ళీ వేటకు పోవడం మొదలుపెట్టాక, ఆ రాయిని దాటేటప్పుడల్లా నూకరాజు ఎడమచేత్తో ఇంజను పట్టుకుని, ఎడమ భుజం మీదుగా తల వెనక్కి తిప్పి, రాయి కనుమరుగయ్యే దాకా అలాగే చూస్తూ పోయేవాడు. కొన్నాళ్ళకు నొప్పి వచ్చింది.

అతను నాతో చెప్పిన మాటలివి: “గుండె పట్టీస్తాది దీదీ. బండరాయెత్తి గుండెల మీద ఎట్టినట్టుంటాది. ఊపిరాడదు. ఎడమ సెయ్యి సచ్చిపోద్ది, నడిమేలు దాకా. ముందల ఆ రాయి కాడే వచ్చీది. ఇప్పుడు ఇంటికాడా వస్తంది.”

“ఇంటి దగ్గర ఎప్పుడు?”

“ఎనకాల నించి ఎవలైనా పిలిస్తే. అన్నే పిలిసినట్టుంటాది. తిరుగుతాను. పట్టీస్తాడు.”

గుండె పరీక్షలన్నీ చేశారు. ఈసీజీ, రక్తం, గుండె స్కాను, ట్రెడ్‌మిల్ మీద నడక. అన్నీ శుభ్రంగా ఉన్నాయి. ఒక కుర్ర డాక్టరు భుజం తట్టి, “దిల్ ఎక్‌దమ్ ఠీక్ హై భయ్యా, కుఛ్ నహీ హై. వహమ్ హై,” అన్నాడట. ఏమీ లేదు, అంతా నీ భ్రమ అని.

పిల్లలూ, ఈ మాట ఎవరికీ అనకండి. నొప్పితో మెలికలు తిరిగే మనిషికి ఏమీ లేదని చెబితే వాడు ఊరుకోడు, వేరే కారణం వెతుక్కుంటాడు. నూకరాజుకు వెతుక్కునే పని కూడా పడలేదు. “గుండె బాగుందన్నారు. మరి పట్టుకునీది ఎవులు? అన్నే గదా,” అన్నాడు. డాక్టరు మాటే అతనికి సాక్ష్యం అయింది.

అతను వేట మానేశాడు. తిండి తగ్గించాడు. ఎర్రమ్మ నాతో వరండాలో గొంతు తగ్గించి చెప్పింది: “అమాసకి ఆ రాయి కాడికి ఎల్లి అన్న కాడ దిగిపోతానంటన్నాడమ్మా. నవ్వుతా అంటన్నాడు. ఆ నవ్వే నాకు బయ్యం.”

అమావాస్య ఎంతో దూరం లేదు. ఆ మాటను నేను వెంటనే మండల్ గారి చెవిన వేశాను. ఆయన ఆ రోజే అతన్ని వార్డులో చేర్పించి, మనసు డాక్టరుకు కూడా చూపించారు. అలాంటి మాట విన్నప్పుడు మీ దగ్గరే దాచుకోకండి.

బెంచీ మీద చూసింది

మెడకు ఎక్స్‌రే తియ్యాలని ఎవరికీ ఎందుకు తోచలేదంటే, మెడ నొప్పి అని నూకరాజు ఎప్పుడూ అనలేదు. అతన్ని మా గదికి పంపింది కూడా చెయ్యి తిమ్మిరికి ఏదైనా వ్యాయామం చెబుతానని.

వార్డులో చేర్చిన మర్నాడు తల్లీ కొడుకూ మా గది బయట బెంచీ మీద కూర్చున్నారు. ఎవరో వెనక నుంచి “అరే రాజూ!” అన్నారు, వేరే రాజును. నూకరాజు గిరుక్కున ఎడమకు తిరిగాడు. ముఖం పాలిపోయింది. రొమ్ము పట్టుకున్నాడు. ఆ తరువాత, నేను తలుపు సందులోంచి చూస్తుండగా, ఎడమచెయ్యి ఎత్తి అరచేతిని నెత్తి మీద పెట్టుకున్నాడు. రెండు మూడు ఊపిర్లకే ముఖంలోకి రంగు తిరిగి వచ్చింది.

ఎర్రమ్మ ఆ చేతిని పట్టుకుని కిందికి లాగింది.

“నెత్తిన సెయ్యేటిరా! దించు! మనింట ఎవులు సచ్చిపోనారని?”

చెయ్యి దిగింది. నొప్పి మళ్ళీ వచ్చింది. నా కళ్ళతో చూశాను.

గుండెనొప్పి చెయ్యి నెత్తిన పెడితే పోదు, దించితే రాదు. మెడలో నరం నలిగినప్పుడు మాత్రం చెయ్యి పైకెత్తితే ఆ నరం వదులవుతుంది. పుస్తకంలో ఒక వాక్యంగా చదువుకున్నదే. కానీ నెత్తిన చెయ్యి పెట్టుకోవడం మనవాళ్ళలో ఎంత అశుభమో మీకు తెలుసు. చావు జరిగిన ఇంట్లో తప్ప ఎవరూ పెట్టుకోరు. అందుకే అతను ఆ సంగతి ఏ డాక్టరుకూ చెప్పలేదు. ఎర్రమ్మ ఇంట్లో పెట్టుకోనివ్వలేదు. అసలు గురుతంతా ఆ చేతిలోనే ఉంది, ఆ చేతినే అందరూ దించుతూ వచ్చారు.

లోపలికి పిలిచి ఒంటరిగా అడిగాను. తల వంచుకుని చెప్పాడు. “నెత్తిన సెయ్యెడితే ఒగ్గీస్తాడు దీదీ. నాను ఏడుస్తన్నానని జాలి పడి ఒగ్గీస్తాడు.” అన్న పట్టు వదిలేస్తాడని.

నా చేతుల కింద

మండల్ గారితో మాట్లాడాను. మెడ ఫొటోలు తీయించారు. కింది పూసల మధ్య సందు ఎడమవైపు బాగా ఇరుకుగా ఉంది. రొమ్ము కండకూ చేతికీ నడిమి వేలికీ పోయే నరం అక్కడి నుంచే బయటికొస్తుంది. “చెక్ కరో, ధీరే సే,” అన్నారు ఆయన, మెల్లగా చూడమని. నొప్పి నిజంగా అక్కడి నుంచే వస్తోందో లేదో చేత్తో పరీక్షించి చెప్పాలి.

పట్టపగలు. ఫ్యాను తిరుగుతోంది. కిటికీలోంచి జెట్టీ దగ్గర ఓడ కూత వినబడుతోంది. నూకరాజును స్టూలు మీద కూర్చోబెట్టి, అతని వెనక నిలబడి, లోపల ప్రార్థించుకుని, తలను కొంచెం వెనక్కి, ఎడమకు వాల్చి, రెండు అరచేతులతో మెల్లగా కిందికి నొక్కాను.

అతని ఒళ్ళు బిగుసుకుంది. తరువాత, చాలా మామూలు గొంతుతో, గడపలోకి చుట్టం వచ్చాడని చెప్పినట్టు, “వచ్చీసినాడు,” అన్నాడు.

కళ్ళు ఎడమ మూలకు తిరిగి ఉన్నాయి. ఆ మూల ఖాళీ చక్రాల కుర్చీ తప్ప ఏమీ లేదు. అతను ఆ కుర్చీ వైపే, అందులో కూర్చున్న మనిషిని చూసినట్టు చూస్తున్నాడు. తలుపు దగ్గర ఎర్రమ్మ “పోలయ్యా!” అని కేక పెట్టింది. నేను కూడా ఆ మూలకు చూశాను. దాచుకోవడం ఎందుకు, చూశాను.

వెంటనే చేతులు మార్చి, దవడ కిందా తల వెనకా పట్టుకుని, తలను నెమ్మదిగా పైకి లాగాను. పూసల మధ్య సందు తెరుచుకుంటుంది అలా లాగితే. నూకరాజు పొడవుగా ఊపిరి వదిలాడు.

“ఎల్లిపోనాడు.”

ఆ క్షణం నాకు కలిగిన భయం మీకు అర్థం కావాలంటే నేను ఎలా పెరిగానో గుర్తుచేసుకోండి. చనిపోయినవాళ్ళను పిలవడం, వాళ్ళతో మాట్లాడించడం మాకు నిషేధం. చిన్నప్పుడు ఆదివారం బడిలో ఆ పాఠం చెప్పిన రాత్రి కొవ్వొత్తి ఆర్పి పడుకునేదాన్ని కాదు. ఇప్పుడు నా చేతులు నొక్కితే ఒక చనిపోయినవాడు వచ్చాడు, ఎత్తితే వెళ్ళిపోయాడు. చేతులు కడుక్కుని వచ్చి మళ్ళీ కడుక్కున్నాను.

తరువాత ప్లాస్టిక్ వెన్నెముకను అతని చేతికిచ్చాను. ఏ పూసకూ ఏ పూసకూ మధ్య నరం ఉందో, వెనక్కి తిరిగితే ఆ సందు ఎలా మూసుకుంటుందో, అతని వేళ్ళతోనే వంచి చూపించాను. అతను తెలివైనవాడు. వలకన్నుల మధ్య దూరం చూసినట్టు చూశాడు.

“అయితే ఇది నరం.”

“నరమే.”

“మరి అన్నో?”

“అన్న సంగతి నాకు తెలీదు బాబూ. నొప్పి సంగతి తెలుసు.”

ఆ గదిలో అంతకుమించి చెప్పే హక్కు నాకు లేదనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటున్నాను.

సంఘంలో

ఈ కబురు మా ఆరాధనకు ఎలా చేరిందో గానీ చేరింది. సంఘ పెద్ద ఒకాయన నన్ను బయట ఆపాడు.

“సిస్టర్, అది దురాత్మ. కుర్రాణ్ణి తీసుకురండి, ఉపవాసముండి వెళ్ళగొడదాం.”

“అది నరం, అన్నా. ఫొటోలో కనిపించింది.”

“మీ విశ్వాసం చల్లారినట్టుంది.”

“మెడను కూడా దేవుడే చేశాడు కదన్నా,” అన్నాను.

దురాత్మలు లేవని నేను అనను. ఉన్నాయని నమ్ముతాను. అందుకే ఆ పేరును ఊరికే వాడను. నలిగిన నరాన్ని దయ్యమని ప్రకటించడం అబద్ధ సాక్ష్యం. పైగా, వెళ్ళగొట్టామని చెప్పిన మర్నాడు ఎవరో వెనక నుంచి పిలిస్తే, అతను తిరిగితే, ఏమవుతుంది? అన్న ముందు దేవుడూ ఓడిపోయాడనుకుంటాడు. ఆ పెద్ద నాతో చాలాకాలం సరిగా మాట్లాడలేదు. విశ్వాసుల మధ్య అది కూడా భరించాలి.

అమావాస్య వచ్చింది. ఆ పగలంతా నూకరాజు వార్డు కిటికీ దగ్గర కూర్చున్నాడు, ఎర్రమ్మ అతని చొక్కా అంచు పట్టుకుని కూర్చుంది. గడిచిపోయింది.

చికిత్సలో వింత ఏమీ లేదు. మందులు డాక్టర్లవి. మెడ లాగడం, భుజాల వ్యాయామాలు, బోర్లా పడుకోవడం మాన్పించడం నావి. అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటి నేర్పాను. వెనక్కి చూడాలంటే మెడ తిప్పకు, నడుముతో తిరుగు, మనిషివి మనిషంతా తిరుగు. కొత్తలో బొమ్మలా తిరిగేవాడు. వార్డులో పిల్లలు నవ్వేవారు. “రోబో భయ్యా” అని పేరు కూడా పెట్టారు.

చికిత్స మధ్యలో నొప్పి వస్తే చెయ్యి నెత్తిన పెట్టుకోనిచ్చేదాన్ని. ఎర్రమ్మ అప్పుడు గోడ వైపు తిరిగి కూర్చునేది. ఒకరోజు ఆమెను అడిగాను, ఆసుపత్రిలో కూడా అంత పట్టింపు ఎందుకని. ఆమె గోడతోనే మాట్లాడింది.

“దినం సెయ్యనేదమ్మా నాను. పోలయ్య పోనాడని ఎవులు సూసినారు? నా ఇంట నెత్తిన సెయ్యెడితే పోనాడని ఒప్పుకున్నట్టే.”

ఒక్కసారి నొక్కండి

నొప్పి పోయింది. వెనక నుంచి పిలిస్తే బొమ్మలా తిరుగుతాడు, ఏమీ కాదు. మనసు డాక్టరు కూడా ఇక భయం లేదన్నాడు. మేమందరం సంతోషించాం.

అలాంటి సమయంలో ఒక మధ్యాహ్నం అతను ఒక్కడే వచ్చాడు. స్టూలు లాక్కుని, నా ముందు వీపు పెట్టి కూర్చున్నాడు.

“ఓపాలి నొక్కండి దీదీ.”

“ఏమిటి?”

“ఆయేల నొక్కినారు గదా, అలగ. ఓపాలి రప్పించండి. నాను ఓ మాట సెప్పీసి పంపీస్తాను.”

నేను కదల్లేదు. అతను వెనక్కి తిరగలేదు, గోడను చూస్తూనే చెప్పాడు. “ఆ వానలో అన్న నన్ను పిలిసుంటాడు. ఇంజను మోతలో ఇనబడనేదు. నాను ఎనక్కి సూడనేదు. ఆ మాట సెప్పాల. ఇప్పుడు నొప్పి నేదు, ఆడూ రాడు. ఎవులితో సెప్పీది?”

ఇన్నేళ్ళలో నా చేతులు అంత బరువుగా ఎప్పుడూ లేవు. అతని తల నా అరచేతుల కిందే ఉంది. కొంచెం వెనక్కి, కొంచెం ఎడమకు, అంతే. వచ్చేది నరం నొప్పే అని నాకు తెలుసు. అయినా వచ్చిందాన్ని అతను అన్న అని పిలుస్తాడు, నేను పిలిపించినదాన్ని అవుతాను.

“నొక్కను బాబూ,” అన్నాను. “అన్నకు చెప్పాలంటే నా గది ఎందుకు? పోయిన చోటే చెప్పు. ఈసారి మెడ తిప్పకు. బోటునే తిప్పు.”

అతను లేచి, “మీరూ రాండి. అమ్మొస్తాది. మీ దేవుడొస్తాడు గదా మీతో,” అన్నాడు.

వెళ్ళాను. రోగుల ఇళ్ళకు, పడవలకు వెళ్ళకూడదని మీకు చెబుతారు. అది మంచి నియమమే. నేను వెళ్ళాను.

తెల్లవారాక బయలుదేరాం. వేట బోటు ఎక్కని ఎర్రమ్మ ఆ రోజు ముందు పలక మీద కూర్చుంది. నేను మధ్యలో. నూకరాజు ఇంజను దగ్గర. వెనక తాడుకు చిన్న డింగీ, ఎప్పటిలాగే. దాన్ని ఒడ్డున ఒంటరిగా వదలడానికి ఎర్రమ్మ ఒప్పుకోలేదు.

గాలి లేదు. దీవి చెట్లు కదలడం లేదు, ఒక్క పక్షి అరవడం లేదు. నల్ల రాయి దగ్గరకు రాగానే నూకరాజు బోటును తిప్పి, ముక్కు రాయికి ఎదురుగా పెట్టి, ఇంజను ఆపేశాడు. ఆ మోత ఆగిపోయాక వచ్చిన నిశ్శబ్దంలో నా గుండె నాకే వినబడింది.

“అన్నా,” అన్నాడు. “ఆయేల ఎనక్కి సూడనేదు. నా తప్పే.”

నీళ్ళు రాయిని నాకుతున్నాయి. నేను కళ్ళు మూసుకుని ప్రార్థించాను.

అప్పుడు మా వెనక ఎవరో బోటును తట్టారు. మెల్లగా, ఒక్కసారి.

ఎర్రమ్మ, నేను ఉలిక్కిపడి తిరిగాం. చిన్న డింగీ. మేం ఆగాం, అది ఆగలేదు. వచ్చిన ఊపుకు అలాగే వచ్చి బోటు చెక్కకు తగిలింది. అందులో ఎవరూ లేరు.

నూకరాజు మెడ తిప్పలేదు. చేతిని ఇంజను మీంచి తీసి, మోకాళ్ళు జరిపి, మనిషి మనిషంతా వెనక్కి తిరిగి, ఆ ఖాళీ డింగీని చూశాడు. చూస్తూనే ఉన్నాడు. రొమ్ము పట్టుకోలేదు. చెయ్యి పైకి లేవలేదు.

“ఒగ్గీసినాడు,” అన్నాడు చివరికి.

ఎర్రమ్మ డింగీనీ చూసింది, కొడుకునూ చూసింది. ఆమె కుడిచెయ్యి ఒడిలోంచి లేచి నెత్తి మీదకు వెళ్ళింది. అక్కడే ఉండిపోయింది. “పోలయ్యా, నాయనా,” అని ఆమె మొదలుపెట్టిన ఏడుపు ఆ దీవి చెట్లకు తగిలి తిరిగి వచ్చింది.

ఆ చేతిని దించడానికి నూకరాజు అలవాటుగా చెయ్యి చాచాడు. మధ్యలో ఆపుకున్నాడు. ఆమెను అలాగే ఉండనిచ్చాడు.